సిపాయి ఇంటి దిగులు – మన వంతు సాయం

(సాయుధ దళాల పతాక దినం సందర్భంగా మన సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినం జరుపుకుంటున్నాము. 1949 నుంచి వస్తున్న ఆనవాయితీ ఇది. మనం ఉద్యోగాల్లో ఉన్నప్పుడు ఆఫీసుకు చిన్న కాగితపు జెండాలు వచ్చేవి. తోచినంత డబ్బు పెట్టెలో వేసి, జెండాను జేబుకు గుచ్చుకుని, సాయంత్రానికి దాన్ని మరచిపోయేవాళ్ళం. ఈసారి సైనికుల గురించి నన్ను మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. నేను తుపాకీ పట్టినవాణ్ణి కాను. 1971లో రెవెన్యూ శాఖలో ఎల్.డి.సి.గా చేరి 2008లో విరమణ పొందాను. ఈ మధ్యలో ప్రభుత్వం మా హోదాల పేర్లు మార్చింది గాని, గుమాస్తాగా చేరినవాణ్ణి గుమాస్తాగానే దిగాను. అయితే ఆ సర్వీసులో ఎనిమిదేళ్ళ పాటు, సరిహద్దుల నుంచి సైనికులు పంపుకునే దరఖాస్తులు వచ్చే సీటులో కూర్చున్నాను. సిపాయిల గురించి నాకు తెలిసినదంతా ఆ కాగితాల వల్ల తెలిసినదే. అందుచేత యుద్ధం గురించి కాక, సిపాయి మనసులో ఉండే ఇంటి గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

మన పాతబస్తీకి సిపాయిలు కొత్తవారు కారు. బార్కస్ అనే పేరే బారక్స్ నుంచి వచ్చింది. నిజాం కొలువులో పనిచేసిన అరబ్బు సిపాయిలు కాపురమున్న చోటు అది. నది దాటి వెళితే ఏ.సి. గార్డ్స్ ఉన్నది, ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనే అశ్వికదళం పేరు అది. మాసాబ్‌ట్యాంకు దగ్గర ఫస్ట్ లాన్సర్ ఉన్నది. ఢిల్లీలో తీన్ మూర్తి అని మనం విన్న మూడు విగ్రహాలు కూడా మొదటి ప్రపంచ యుద్ధంలో పశ్చిమాసియాలో పోరాడిన హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూర్ సంస్థానాల లాన్సర్ల స్మారకమే. 1922లో నెలకొల్పారు. గోల్కొండలో 1962 నుంచి ఆర్టిలరీ సెంటరు నడుస్తోంది. దేశం నలుమూలల నుంచి వచ్చిన పిల్లలు అక్కడ ఫిరంగిదళ శిక్షణ పొందుతున్నారు. అటు ఆంధ్రదేశంలో పశ్చిమ గోదావరి జిల్లా మాధవరాన్ని మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. తరతరాలుగా ఆ ఊరి ఇళ్ళ నుంచి సైన్యానికి వెళుతూనే ఉన్నారు.

1948 తర్వాత నిజాం బలగాలు రద్దయినప్పుడు ఎందరో సిపాయిలు ఒక్కసారిగా ఉద్యోగం లేనివారయ్యారు. నా చిన్నతనంలో, పాత ఖాకీ కోటు వేసుకుని ఇరానీ హోటల్ ముందు గంటల తరబడి ఎవరితో మాట్లాడకుండా కూర్చునే ముసలివారిని చూశాను. "వారు ఫౌజు మనుషులు, వారి జోలికి పోవద్దు" అని పెద్దలు మాకు చెప్పేవారు. వారి మనసులో ఏముందో అడిగిన వారిని మాత్రం నేను చూడలేదు. ఆ రోజుల్లో కౌన్సెలింగ్ అన్న మాటే లేదు. ఈ రోజుల్లో ఉన్నది గాని, ఆ మాట వింటే మన ఇళ్ళలో ఎంసెట్ సీట్ల కౌన్సెలింగే గుర్తుకు వస్తుంది. నేను చెప్పబోయేది ఆ కౌన్సెలింగ్ కాదు. కష్టంలో ఉన్న మనిషిని కూర్చోబెట్టి, చెప్పేది పూర్తిగా విని, దారి వెతుక్కోవడానికి తోడుపడటం.

సిపాయి దిగులుకు కారణం తుపాకీ గుండు ఒక్కటే అనుకుంటాము. యుద్ధం మనసును గాయపరుస్తుందన్నది నిజమే. 1915లోనే చార్లెస్ మైయర్స్ అనే వైద్యుడు లాన్సెట్ పత్రికలో షెల్ షాక్ అనే పేరుతో ఆ జబ్బు గురించి రాశాడు. అయితే అదే యుద్ధంలో ఫ్రాన్సుకు వెళ్ళిన మన సిపాయిలు ఇళ్ళకు రాసిన ఉత్తరాలను సెన్సారు అధికారులు అనువదించి నివేదికలు పెట్టారు. వాటి ప్రతులు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అందులో ఫిరంగుల మాటలతో పాటు పొలం మాటలు, పంట మాటలు, ఇంటి గొడవలు, పంపిన డబ్బు ముట్టిందా లేదా అన్న ఆరాటం కనిపిస్తాయి. దాదాపు ఎనభై ఏళ్ళ తర్వాత నా సీటుకు వచ్చిన దరఖాస్తుల్లోనూ అవే ఉన్నాయి. తండ్రి పోయాడు, విరాసత్ చేయలేదు. పహాణీలో పేరు మార్చేశారు. పక్కవాడు గట్టు జరిపాడు. చెల్లెలిని అత్తవారు పంపించివేశారు. భార్యకు ప్రసవం కష్టమైంది, ఇంట్లో మగదిక్కు లేదు. అప్పులవాడు గడప మీద కూర్చున్నాడు. చిరునామా మాత్రం అందరిదీ ఇంచుమించు ఒకటే – 56 ఏ.పి.ఓ. లేక 99 ఏ.పి.ఓ.

ఇవన్నీ మనకూ ఉన్న కష్టాలే. తేడా ఏమిటంటే, మనం మధ్యాహ్నం పర్మిషను పెట్టి తహసీల్ కార్యాలయానికి వెళ్ళి రాగలం. సిపాయికి సంవత్సరానికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు. అవి కూడా దళం అవసరాన్ని బట్టి దొరికేవే. రైలు ప్రయాణానికి రానూపోనూ కొన్ని రోజులు పోతాయి. మిగిలిన రోజుల్లో సర్వేయరు సెలవులో ఉంటే, జడ్జిగారు వాయిదా వేస్తే, అతని సెలవు అయిపోతుంది గాని పని కాదు. 2022లో వచ్చిన అగ్నిపథ్ పద్ధతిలో చేరిన పిల్లలకైతే ఏడాదికి సెలవు 30 రోజులే. నాలుగేళ్ళ తర్వాత నాలుగో వంతుకు మించకుండా రెగ్యులరు చేస్తామన్నది ఆ పథకం రూపం. ఇరవై ఏళ్ళ పిల్లవాడు ఫోను చేసినప్పుడల్లా ఇంట్లోవారు "నీ నౌకరి ఉంటదా, పోతదా?" అని అడుగుతుంటే, అతను ఎవరికి చెప్పుకోవాలి?

నా సీటులో చూసిన ఒక సంగతి చెబుతాను. 1999లో కార్గిల్ యుద్ధం జరగక ముందటి మాట. ఉప్పుగూడ వైపు నుంచి ఒక తల్లి వచ్చింది. కొడుకు ఉత్తర సరిహద్దులో ఉన్నాడు. తండ్రి పోయాక, పెద్దనాన్న కొడుకు వాకిట్లో గోడ కట్టి, నల్లాకు వెళ్ళే తొవ్వ మూసివేశాడు. అత్తాకోడళ్ళిద్దరూ గల్లీ చుట్టూ తిరిగి నీళ్ళు మోసుకోవలసి వస్తోంది. "సారూ, పోరడు ఎస్.టి.డి. బూతు నుంచి ఫోన్ చేస్తే నేను ఏడ్వకుండ ఉండలేను. నేనేడిస్తె వాడు ఫోన్ పెట్టేస్తడు. పోయిన నెల నుంచి ఫోనే లేదు" అన్నది. నాలుగు రోజులకు ఆ కుర్రవాడి కమాండింగ్ ఆఫీసరు దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. తన జవాను సరిగా నిద్రపోవడం లేదు, తినడం లేదు, ఇంటి విషయం కనుక్కుని తెలియజేయవలసిందని రాశారు.

వాస్తవానికి అది సివిలు తగాదా. రెవెన్యూ శాఖ తేల్చేది కాదు. "కోర్టును ఆశ్రయించవలెను" అని ఒక్క వాక్యం రాసి ఫైలు మూసివేయవచ్చు. రూలు ప్రకారం అందులో తప్పూ లేదు. మా అధికారి దయగలవారు. మండల రెవెన్యూ అధికారిని ఇరుపక్షాలనూ పిలిచి మాట్లాడమని కోరారు. నేను జవాను పేర తెలుగులో నాలుగు పంక్తుల ఉత్తరం తయారుచేసి పుటప్ చేశాను. మీ దరఖాస్తు అందినది, ఫలానా అధికారికి పంపడమైనది, ఫలానా తేదీన ఇరుపక్షాలనూ పిలిచినారు, ఆ తర్వాత సంగతి మరల తెలియజేస్తాము అని అందులో ఉన్నది. అధికారి సంతకం చేశారు. పిలిచిన రోజున గల్లీ పెద్దలు కూడా వచ్చారు. మూడు గంటల వాదన తర్వాత గోడలో తలుపు పెట్టడానికి ఆ పెద్దనాన్న కొడుకు ఒప్పుకున్నాడు. వాటాల కేసు కోర్టులో ఏళ్ళ తరబడి నడిచింది, అది వేరే కథ.

ఆ జవాను సెలవు మీద వచ్చినప్పుడు మా సెక్షనుకు వచ్చి నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. "సారూ, కేసు నడుస్తనే ఉంది గని, మా అమ్మకు నల్లా కాడికి తొవ్వ దొరికింది. మీ కాయితం వచ్చినంక నాకు రాత్రి నిద్ర పట్టింది" అన్నాడు. మా కాయితం చేరిన నాటికి గోడలో తలుపు ఇంకా పెట్టలేదు. తన మాట ఒకరి బల్ల మీదికి చేరిందనీ, ఫలానా తేదీన ఏదో జరుగుతుందనీ తెలియడంతోనే అతనికి నిద్ర పట్టింది. ఈనాటి నా ప్రసంగంలో మీరు ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు: సిపాయికి వినే చెవి కావాలి, దానితో పాటు ఇంటి దగ్గర కదిలే ఫైలు కూడా కావాలి. ఒకటి ఉండి ఒకటి లేకపోతే సాయం సగమే.

రెండో సంగతి చేదుగా ఉంటుంది. మనకు దగ్గరి పేటలోనే ఒక జవాను పదమూడేళ్ళ సర్వీసులో సెలవు మీద వచ్చాడు. భార్య అలిగి పుట్టింట్లో ఉంది. వడ్డీ అప్పు మీద పడింది. సెలవు అయిపోయే రోజున బంధువులు, "ఇంకో పది రోజులుండి తేల్చుకుని పో, డాక్టరు సర్టిఫికెట్టు పెడదాం" అన్నారు. మన సివిలు ఉద్యోగాల్లో జరిగినట్టే అక్కడా జరుగుతుందనుకున్నారు. పది రోజులు నెలయింది, నెల నాలుగు నెలలయింది. సైన్యంలో అనుమతి లేకుండా 30 రోజులు కనిపించకపోతే విచారణ కోర్టు కూర్చుంటుంది. అతని ఉద్యోగం పోయింది. సిపాయికి సర్వీసు పింఛను రావాలంటే 15 ఏళ్ళు నిండాలి. పింఛను విలువ ఏమిటో ఈ హాలులో ఎవరికీ చెప్పనవసరం లేదు. తర్వాత అతను ఒక బట్టల దుకాణం ముందు కాపలాదారుగా నిలబడ్డాడు. ఆ పది రోజుల మాట వచ్చిన పూట, ఇంటికి దగ్గరలోనే సైనిక ఆసుపత్రి ఉన్నదని గాని, యూనిట్‌కు వెంటనే తెలిపి సెలవు పొడిగింపు అడగవచ్చునని గాని చెప్పేవారు ఆ ఇంట్లో లేకపోయారు.

సైన్యం లోపల వినేవారు లేరనుకోవద్దు. ప్రతి జవానుకూ ఒక బడ్డీ, అంటే జతగాడు ఉంటాడు. ఇద్దరూ ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండాలన్నది పద్ధతి. సెక్షను కమాండరు, ఆపైన జె.సి.ఓ., ఆపైన సుబేదార్ మేజర్ సాహెబ్ ఉంటారు. కమాండింగ్ ఆఫీసరు దర్బారు పెట్టినప్పుడు జవాను లేచి తన కష్టం చెప్పుకోవచ్చు. నలుగురిలో చెప్పలేనిదైతే విడిగా కలవడానికి అనుమతి కోరవచ్చు. పండితుడు, మౌల్వీ, గ్రంథీ, పాదిరీ – ఇలా ధర్మగురువులను జె.సి.ఓ. హోదాలో సైన్యమే నియమించుకుంటుంది. పూజలు, నమాజులు నడపడంతో పాటు, ఆసుపత్రిలో ఉన్నవారిని పలకరించడం, దిగులుపడిన వారికి ధైర్యం చెప్పడం కూడా వారి విధి. పెళ్ళాం బిడ్డల సంగతి మేజరుగారికి చెప్పడానికి జంకే కుర్రవాడు ధర్మగురువు దగ్గర నోరు విప్పుతాడు. ఇవి కాక శిక్షణ పొందిన కౌన్సెలర్లు ఉన్నారు, సైనిక ఆసుపత్రుల్లో మనోవైద్యులు ఉన్నారు. జవాన్ల భార్యలు, పిల్లల కోసం 1966 నుంచి ఆర్మీ వైవ్స్ వెల్ఫేర్ అసోసియేషన్ పనిచేస్తోంది.

ఇన్ని ఉన్నా కొందరు దక్కడం లేదు. 2022లో ప్రభుత్వం పార్లమెంటుకు ఇచ్చిన లెక్క ప్రకారం, అంతకు ముందరి ఐదేళ్ళలో ఆత్మహత్య చేసుకున్నవారు సైన్యంలో 642 మంది, వైమానిక దళంలో 148 మంది, నౌకాదళంలో 29 మంది. అంటే మొత్తం 819 ఇళ్ళు. ఇటువంటి మరణాలకు ప్రభుత్వం చెబుతూ వచ్చిన కారణాల్లో కుటుంబ సమస్యలు, దాంపత్య కలహాలు, ఆర్థిక ఇబ్బందులు, మానసిక ఒత్తిడి ఉన్నాయి. వీటిలో చాలావాటి మొదలు సరిహద్దులో లేదు. మన గల్లీలో, మన చావడిలో, మన కార్యాలయాల్లో ఉన్నది.

మరి చెప్పుకోవడానికి చోట్లు ఉన్నప్పుడు జవాను ఎందుకు చెప్పుకోడు? మొదటిది సిగ్గు. యూనిఫారం వేసుకున్న మగవాడు ఏడవకూడదని మనమే నేర్పాము. రెండోది భయం. సైన్యంలో వైద్య పరీక్షకు షేప్ అనే ఐదక్షరాల పద్ధతి ఉన్నది. అందులో మొదటి అక్షరం మానసిక స్థితికి సంబంధించినది. అక్కడ గుర్తు తగ్గితే ప్రమోషను పోతుందేమో, తోటివారు నవ్వుతారేమో అని జంకుతారు. ఆ భయం కొంతవరకు సహజమే. కాని తగ్గించిన కేటగిరీ కలకాలం ఉండేది కాదు. నిర్ణీత గడువు తర్వాత తిరిగి పరీక్షించి, కోలుకుంటే పైకి మార్చే ఏర్పాటు ఉన్నది. మన సర్వీసులో కంటి ఆపరేషనుకు సెలవు పెట్టి తిరిగి డ్యూటీలో చేరలేదా? ఇదీ అటువంటిదే. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలోనే అమెరికా వైద్యుడు థామస్ సాల్మన్ గ్రహించిన సూత్రం ఏమిటంటే, మనసు దెబ్బతిన్న సైనికుణ్ణి దూరంగా పంపివేయకుండా, దళానికి దగ్గరలోనే, ఆలస్యం చేయకుండా, నువ్వు బాగై తిరిగి వస్తావన్న నమ్మకం కలిగిస్తూ చూడాలి. జాప్యం అయినకొద్దీ జబ్బు ముదురుతుంది.

ఇక చట్టం మాట. మనం కాగితాల మనుషులం కాబట్టి ఇది బాగా తెలుసుకోవాలి. ఇండియన్ సోల్జర్స్ లిటిగేషన్ చట్టం 1925లో వచ్చింది. దానికి నూరేళ్ళు నిండాయి. యుద్ధ పరిస్థితుల్లోగాని, చట్టంలో చెప్పిన ప్రత్యేక పరిస్థితుల్లోగాని పనిచేస్తున్న సైనికుడి మీద సివిలు లేక రెవెన్యూ కేసు ఉంటే, నిర్ణీత సైనికాధికారి సర్టిఫికెట్టు మీద కోర్టు దాన్ని వాయిదా వేయాలి. ఆ సైనికుడు హాజరు కాలేడని నమ్మడానికి కారణం ఉంటే జిల్లా కలెక్టరు కూడా కోర్టుకు ఆ సంగతి ధ్రువీకరించి పంపవచ్చు. అతను అట్లా పనిచేసిన కాలాన్ని కాలపరిమితి లెక్కలోంచి మినహాయిస్తారు. 1950 నాటి ఆర్మీ చట్టం 32వ సెక్షను ఇంకొక వెసులుబాటు ఇచ్చింది. కేసు కోసమే సెలవు ఇచ్చినట్టు సైనికాధికారి ఇచ్చిన సర్టిఫికెట్టు చూపి కోరితే, వీలైనంతవరకు ఆ సెలవు లోపలే విచారణ ముగించేటట్టు కోర్టు ఏర్పాటు చేయాలి. ఇది తెలియక ఎందరో జవాన్లు రెండు వాయిదాలకు తిరిగి, మూడోదానికి రాలేక కేసు పోగొట్టుకున్నారు.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం సంగతి కూడా చాలామందికి తెలియదు. మాజీ సైనికులకు గుర్తింపు కార్డులిచ్చే ఆఫీసు అని మాత్రమే అనుకుంటారు. 1919లో ఇండియన్ సోల్జర్స్ బోర్డుగా మొదలైన ఏర్పాటే కేంద్ర, రాష్ట్ర, జిల్లా సైనిక బోర్డులుగా పెరిగింది. జిల్లా బోర్డుకు కలెక్టరుగారే అధ్యక్షులు, సైనిక సంక్షేమాధికారి కార్యదర్శి. ఉద్యోగంలో ఉన్న జవాను కుటుంబం కష్టంలో ఉన్నా అక్కడికి వెళ్ళవచ్చు. 2025 జూలై 26న, కార్గిల్ విజయ దినోత్సవం నాడు, జాతీయ న్యాయ సేవల సంస్థ వీర్ పరివార్ సహాయతా యోజన ప్రారంభించింది. సైనికులకు, వారి కుటుంబాలకు సైనిక బోర్డుల ద్వారా ఉచిత న్యాయ సహాయం అందించడం దాని ఉద్దేశం. మనకైతే సిటీ సివిల్ కోర్టు పురానీ హవేలీలోనే, మన ముంగిట్లోనే ఉన్నది.

మనసు బాగోలేని పూట మాట్లాడటానికి టెలి మానస్ అనే ప్రభుత్వ ఫోను సేవ ఉన్నది. నెంబరు 14416. 2022 అక్టోబరు 10న మొదలైంది. రాత్రింబగళ్ళు పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. సైనికుల కోసం, వారి కుటుంబాల కోసం పూణేలోని సైనిక వైద్య కళాశాలలో దీని ప్రత్యేక విభాగాన్ని 2023 డిసెంబరులో తెరిచారు. ఈ నెంబరు ఇంటి క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి. సిపాయి కోసమే కాదు, మనకూ పనికి వస్తుంది.

ఇప్పుడు ఇంట్లోవారికి కొన్ని మాటలు. అమ్మలు శ్రద్ధగా వినాలి.

చెడు కబురు దాచవద్దు. దాస్తే ఇంకొకరి నోటి వెంట తెలుస్తుంది, అప్పుడు మీ ఏ మాటా నమ్మడు. కాని సగం చెప్పి ఫోను పెట్టేయవద్దు. నాన్నకు జ్వరం అని చెబితే, ఏ ఆసుపత్రిలో చూపించారో, పక్కన ఎవరున్నారో, మళ్ళీ ఎప్పుడు ఫోను చేస్తారో కూడా చెప్పాలి. మిగతా సగం తెలియకపోతే అతను రాత్రంతా దాన్ని ఊహించుకుంటూ కాపలా కాస్తాడు.

అత్తాకోడళ్ళ తగవులో అతన్ని పంచాయితీ పెద్దను చేయవద్దు. పొద్దున భార్య ఒక మాట, సాయంత్రం తల్లి ఒక మాట చెబితే, రెండువేల కిలోమీటర్ల అవతల ఉన్నవాడు ఏ తీర్పు చెప్పగలడు? ఆ తగవు ఇక్కడే, నమ్మకమైన పెద్దల ముందు తేల్చుకోవాలి.

అతని నెంబరు, ర్యాంకు, యూనిట్ చిరునామా, అత్యవసరంలో ఫోను చేయవలసిన నెంబరు ఒక కాగితం మీద రాసి, ఇంట్లో ఇద్దరికి తెలిసేటట్టు ఉంచండి. ఆపద వచ్చినప్పుడు బీరువా వెతుక్కోవడం చాలా ఇళ్ళలో చూశాను.

ఫోనులో డబ్బు మాటకు ముందు నిద్ర మాట అడగండి. తింటున్నావా, నిద్ర పడుతోందా, నీ జతగాడు ఎవరు, అతను ఎటువంటివాడు అని అడగండి. మునుపు రోజూ మాట్లాడేవాడు మానివేస్తే, తాగుడు పెరిగితే, "నేను లేకున్నా మీరు బతుకుతరు" అన్నట్టు మాట్లాడితే తేలికగా తీసుకోవద్దు. "చచ్చిపోవాలనిపిస్తోందా బిడ్డా?" అని సూటిగానే అడగవచ్చు. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. ఉన్న ఆలోచన బయటికి వస్తుంది. అవునంటే ఫోను పెట్టకుండా మాట్లాడుతూ ఉండండి. ఇంకొకరి చేత యూనిట్‌కు ఫోను చేయించండి. పరువు పోతుందని ఆగవద్దు.

సెలవు మీద వచ్చినప్పుడు మొదటి మూడు రోజులు అతని ముందు ఏ కాగితమూ పెట్టకండి. కడుపునిండా తిననివ్వండి, నిద్రపోనివ్వండి. పనులన్నీ అతను రాకముందే సిద్ధం చేసి పెడితే, మిగిలిన రోజుల్లో సంతకాలు పెట్టి నిశ్చింతగా వెళతాడు.

ఆ సిద్ధం చేయడంలోనే మన పని ఉన్నది. అయ్యా, మనం ముప్పై ఏళ్ళకు పైగా చేసిన ఉద్యోగం ఏమిటి? ఏ కాగితం ఏ బల్లకు వెళుతుందో, ఎక్కడ ఆగుతుందో, ఏ మాట రాస్తే కదులుతుందో మనకు తెలుసు. సిపాయి తల్లికి అది తెలియదు. ఆమెకు కొండలా కనిపించేది మనకు ఒక పేజీ దరఖాస్తు. జవాను నెంబరు, ర్యాంకు, యూనిట్ రాయాలి. జరిగినది తేదీలతో క్లుప్తంగా రాయాలి. కోరేది ఏమిటో చివర ఒక్క వాక్యంలో చెప్పాలి. పత్రాల నకళ్ళు జతచేయాలి. ఒక ప్రతి కలెక్టరుగారికి, ఒకటి సైనిక సంక్షేమాధికారికి, ఒకటి జవాను ద్వారా కమాండింగ్ ఆఫీసరుకు వెళ్ళాలి. రసీదు తీసుకోవాలి. పదిహేను రోజులకు వెళ్ళి అడగాలి. అడిగిన ప్రతిసారీ ఏమైందో జవానుకు రెండు వాక్యాలు తెలియజేయాలి. ఆ రెండు వాక్యాలు మరువకూడదు.

అందుచేత సంఘం వారికి నాదొక ప్రతిపాదన. వారానికి ఒక మధ్యాహ్నం, మన ఆఫీసు గదిలో ఇద్దరు సభ్యులం కూర్చుందాం. పాతబస్తీ నుంచి సైన్యంలో గాని, చాంద్రాయణగుట్ట శిబిరంలో ఉన్న సి.ఆర్.పి.ఎఫ్. వంటి కేంద్ర బలగాల్లో గాని పనిచేసేవారి ఇళ్ళవారు ఎవరైనా రావచ్చునని తెలియజేద్దాం. కేంద్ర బలగాల నియమాలు వేరు, అన్ని సైనిక చట్టాలూ వారికి వర్తించవు. కాని వారి ఇంటి దిగులు వేరు కాదు. తెలుగువారా, ఉర్దూవారా అని చూడవద్దు. ఉర్దూ చదవగలిగిన సభ్యులు మనలో ఉన్నారు. వచ్చేవారిలో ఎక్కువమంది ఆడవారే ఉంటారు కాబట్టి, విరమణ పొందిన మన సోదరీమణులు ఒకరైనా తప్పక కూర్చోవాలి. భర్తతో వచ్చిన తేడా నాకు చెప్పుకోలేని ఆడకూతురు ఆమెకు చెప్పుకుంటుంది.

మూడు నియమాలు పెట్టుకుందాం. మొదటిది, విన్న మాట గది దాటకూడదు. చాయ్ దగ్గర ఒకరి సంసారం గురించి మాట జారితే మరునాటి నుంచి ఎవరూ రారు. రెండోది, మనం వైద్యులం కాము, వకీళ్ళం కాము. దిగులు ముదిరిందని తోస్తే మనోవైద్యుడి దగ్గరికి, చిక్కు పెద్దదైతే న్యాయ సేవల సంస్థకు దారి చూపించాలి, అవసరమైతే వెంట వెళ్ళాలి. మూడోది, చేయలేని దానికి మాట ఇవ్వవద్దు. "కనుక్కుని గురువారం చెబుతాను" అంటే గురువారం చెప్పాలి. పని కాకపోతే కాలేదనే చెప్పాలి.

ఇందుకు పెద్ద నిధి అక్కరలేదు. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఒక రిజిస్టరు, కొన్ని తెల్లకాగితాలు చాలు. రిజిస్టరులో గీతలు గీయడం నాకు వదిలిపెట్టండి, అది నాకు ఇప్పటికీ చేతనవును. మనలో చాలామందికి పగటిపూట తోచదని ఇంట్లోవారు ఫిర్యాదు చేస్తున్నారు. ఆ ఫిర్యాదు కూడా కొంత తీరుతుంది.

రేపు జెండాలు పట్టుకుని పిల్లలు వస్తారు. ఎప్పటిలాగే ఉదారంగా చందా వేయండి. దానితో పాటు మీ గల్లీలో, మీ బంధువుల్లో యూనిఫారంలో ఉన్న పిల్లవాడు ఎవరున్నారో గుర్తు చేసుకుని, వాళ్ళ ఇంటికి వెళ్ళి, "అబ్బాయి ఎట్లున్నడు? ఇంట్ల పనులేమన్న ఆగినయా?" అని అడిగి రండి. వచ్చే సమావేశం నాటికి ఒక్కొక్కరు ఒక్క ఇంటి సంగతి తీసుకువస్తే, ఆ రిజిస్టరు మొదలుపెట్టవచ్చు. మొదటి గురువారం కూర్చోవడానికి నేను నా పేరు ఇస్తున్నాను. రెండో పేరు కోసం కార్యదర్శిగారు ఎదురుచూస్తున్నారు.